డాక్టరు అడిగింది చెల్లిని

నాకు కాలు ఒకచోట నిలవదు. పొద్దస్తమానం కుట్టుమిషన్ తొక్కే మనిషిని, ఊరికే కూర్చున్నా పాదం ఆడుతూనే ఉంటుంది. పిల్లల వార్డు బయట ఇనుప బెంచీ మీద నేను కూర్చున్నానంటే బెంచీ మొత్తం గడగడలాడుతుంది. పక్కనున్న పెద్దాయన, "తల్లీ, కాస్త ఆ కాలు ఆపుతావా, నాకు కడుపులో తిప్పుతోంది" అన్నాడు. ఆపాను. రెండో కాలు అందుకుంది. ఆయన లేచి వెళ్లి లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. పాపం, ఆయన మనవరాలు కూడా లోపలే ఉంది.

లోపల కిటికీ పక్క మంచం మా పిడుగుది. పిడుగంటే మా చెల్లి కొడుకు. నాలుగేళ్లు ఇంకా నిండలేదు. నా షాపుకి వచ్చాడంటే కత్తిరింపు బల్ల ఎక్కి, టేపు మెడలో వేసుకుని, వచ్చిన ప్రతివాళ్ల నడుమూ కొలిచేస్తానని తయారవుతాడు. అలాంటివాడు ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, వేలికి ఎర్రగా వెలిగే క్లిప్పు. కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి ఇంకో గొట్టం బయటికొచ్చి మంచం కింద నీళ్ల సీసాలోకి దిగుతుంది. వాడు దగ్గినప్పుడల్లా ఆ సీసాలో బుడగలు లేస్తాయి. నిమోనియా ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందనీ, ఆ చీము పోవడానికే ఆ గొట్టమనీ చెప్పారు. చీము కొంత పోయింది. జ్వరం మాత్రం పోలేదు.

మంచం దగ్గర ఒక్కరే ఉండాలని రూలు. ఆ ఒక్కరి మెడలో ఆస్పత్రివాళ్లిచ్చిన పచ్చ కార్డు వేలాడాలి. మేం ముగ్గురం, కార్డు ఒకటి. అది ఎక్కువగా చెల్లి మెడలోనే ఉండేది. చెల్లి ముఖం కడుక్కోవడానికి బయటికొస్తే నేను లాక్కుని లోపలికి పోయేదాన్ని. మూడో మనిషి చెల్లి అత్తగారు. ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. పిల్లాడు ఒక పక్కకి ఒరిగితే సర్దలేదు కాబట్టి బెంచీయే ఆవిడ స్థానం. ఆవిడ బట్టలకి గుండీలన్నీ పీకేసి, అంటుకునే పట్టీలు కుట్టిపెట్టింది నేనే. గొణుక్కుంటూ కుట్టాననుకోండి, అది వేరే సంగతి. మా మరిది, అదే చెల్లి మొగుడు, లారీ మీద వెళ్లి ఎక్కడో సరిహద్దు దగ్గర ఇరుక్కున్నాడు. చెల్లి కూతురు, పిడుగుకి అక్క, మేం పాప అంటాం, వాళ్లింట్లోనే మా ఆయన దగ్గర ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమ్మ పోయేనాటికి చెల్లి నా నడుము దాకా కూడా లేదు. జడ వేసింది నేను, బడికి పంపింది నేను, బడిలో ఎవరైనా ఏడిపిస్తే వాళ్ల ఇంటికెళ్లి కొట్లాడింది నేను. చెల్లికి నోట్లో మాట నోట్లోనే ఉంటుంది. దాన్ని ఎవరేం అడిగినా అది గుటకలు మింగేలోపు నేనే చెప్పేసేదాన్ని. లేకపోతే తెల్లారిపోతుంది మరి.

పిడుగుని చేర్చిన రోజున కూడా అంతే. మా వార్డు డాక్టరమ్మ చాలా నిదానం మనిషి. అందుకే నేను ఆవిడకి నిదానం అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ పిల్లాడి ఛాతీ మీద చెయ్యి ఆనించి, లోపలికి గుంటలు పడుతున్న పక్కటెముకలు చూసి, చెల్లి వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"ఇక్కడికి రాకముందు ఏమైనా మందు పట్టారా అమ్మా? ఇంట్లో మిగిలిపోయిన సిరప్ లాంటిది?"

చెల్లి పిల్లాడి సాక్సు సర్దుతోంది. నాకు ఒళ్లు మండింది. అవతల పిల్లాడు ఎగరొప్పుతుంటే ఈ ప్రశ్నలేంటి?

"అబ్బే, మా ఇంట్లో అలాంటి పనులు చెయ్యరండీ" అన్నాను. "జ్వరం మందు తప్ప చుక్క కూడా పట్టలేదు. మా చెల్లి అలాంటిది కాదు."

డాక్టరమ్మ చెల్లి వైపే చూస్తోంది. చెల్లి తలూపింది. సాక్సు సర్దడం అయిపోయినా ఇంకా సర్దుతూనే ఉంది.

అప్పటినుంచి సూది మందులు ఎక్కుతూనే ఉన్నాయి, చీము కారుతూనే ఉంది, జ్వరం ఎక్కి దిగి మళ్లీ ఎక్కుతూనే ఉంది. నాకు వార్డు గోడల మీద ఏనుగు బొమ్మలు, చేప బొమ్మలు అన్నీ కంఠతా వచ్చేశాయి. ఒక చేపకి కన్ను వెయ్యడం మరిచిపోయారు. నీళ్ల కూలరు చుక్క చుక్కగా కారుతుంటే కింద పెట్టిన గిన్నెని పారబోసి మళ్లీ పెట్టేదాన్ని. శుభ్రం చేసే ఆవిడ, "అమ్మా, నా పని కూడా మీరే చేసేస్తే నన్ను తీసేస్తారు" అంది. మనుషులు ఊరికే ఎలా కూర్చోగలరో నాకు అర్థం కాదు. ఏదో ఒకటి చెయ్యకపోతే ఆ సీసాలో బుడగల చప్పుడే చెవిలో తిరుగుతుంది.

ఆ మధ్యాహ్నం నిదానం మమ్మల్ని ముగ్గుర్నీ వార్డు తలుపు దగ్గరికి పిలిచింది. నర్సు కాసేపు పిడుగు పక్కన నిలబడింది.

"చీము ల్యాబుకి పంపాం కదా" అంది డాక్టరమ్మ. "అక్కడ దాన్ని చిన్న పళ్లెంలో వేసి, క్రిమికి కావలసిన తిండి పెట్టి, వెచ్చగా ఉంచుతారు. క్రిమి పెరిగితే అదేంటో తెలుస్తుంది. ఏ మందుకి లొంగుతుందో కూడా అక్కడే చూస్తారు. బాబు విషయంలో ఏమీ పెరగలేదు."

"పెరగలేదంటే మంచిదే కదండీ" అన్నాను.

"మంచిదైతే జ్వరం ఉండకూడదు కదమ్మా. క్రిమి ఉంది. మాకే కనబడటం లేదు."

నా పాదం మొదలెట్టింది. డాక్టరమ్మ తొందర లేకుండా చెప్పుకుపోయింది. ఇలా ఖాళీగా వచ్చిందంటే రెండే దారులట. ఒకటి, ఆస్పత్రికి రాకముందే ఏదో యాంటిబయాటిక్ కడుపులో పడి ఉండాలి. అప్పుడు సగం దెబ్బతిన్న క్రిమి పళ్లెంలో పెరగదు, ఒంట్లో మిగిలింది మాత్రం మొండికేస్తుంది. అలా కాకపోతే ఇది వాళ్లు అనుకున్న జబ్బే కాదు, క్షయ లాంటిది ఇంకేదో. అది తేల్చుకోవాలంటే రేపు పొద్దున ఆపరేషన్ థియేటరుకి తీసుకెళ్లి, మత్తు ఇచ్చి, ఛాతీ తెరిచి చిన్న ముక్క తియ్యాలి.

"వాడున్న స్థితిలో మత్తు ఇవ్వడం నాకు ఇష్టం లేదు" అంది. "కానీ ఏమీ తెలియకుండా మందులు మారుస్తూ కూర్చోలేను కూడా. అందుకే మళ్లీ అడుగుతున్నాను. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. ఎప్పుడైనా, ఎంత కొంచెమైనా, ఏదైనా పట్టారా?"

అడిగింది చెల్లినే. చెల్లి కార్డు తాడుని వేలికి చుట్టుకుంటోంది.

"ఎన్నిసార్లు అడుగుతారండీ" అని ఇంతెత్తున లేచాను నేను. "చేర్చిన రోజే చెప్పాం కదా. మీ ల్యాబులో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, అది చూసుకోండి ముందు. పిల్లాడి ఛాతీ కొయ్యడం అంటే గుడ్డ ముక్క కొయ్యడం అనుకుంటున్నారా?"

అప్పుడు వెనకనుంచి గొంతు వినబడింది.

"నేనిచ్చానమ్మా."

చెల్లి అత్తగారు. గోడ పట్టుకుని నిలబడి ఉంది. చంకలో ఎప్పుడూ ఉండే గుడ్డసంచీ ముందుకు చాపింది. డాక్టరమ్మ అందులోంచి ఒక మాత్రల రేకు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"జ్వరమొచ్చిందని అర ముక్క వేశా. ఒక్కసారే" అంది అత్తగారు. "నాకు పనిచేసింది కదా, వాడికీ చేస్తుందనుకున్నా."

"అత్తయ్యా" అంది చెల్లి. అంతే అంది. ముఖంలో రక్తం చుక్క లేదు.

"నువ్వు లోపలికి పో, పిల్లాడు లేస్తాడు" అంది ఆవిడ.

డాక్టరమ్మ రేకు తిరిగి సంచీలో పెట్టింది. "ఇది మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చేది పెద్దమ్మగారూ. దీని బలం ఊపిరితిత్తుల దాకా పోదు. అర ముక్క ఒక్కసారి పడితే ల్యాబులో ఏమీ పెరగకుండా పోదు. చెప్పినందుకు మంచిదే, రాసుకుంటాను. కానీ రేపు థియేటరుకి వెళ్లక తప్పదు" అని లోపలికి వెళ్లిపోయింది. చెల్లి కూడా తల దించుకుని ఆవిడ వెనకే వెళ్లింది.

ఇక చూస్కోండి. బెంచీ దగ్గర నేను ఆవిడని కడిగేశాను. లిఫ్టు దగ్గరి పెద్దాయన మెట్ల వైపు జరిగాడు.

"మీకు బుద్ధుందా అత్తయ్యగారూ? ముసలివాళ్ల మాత్ర చిన్నపిల్లాడి నోట్లో వేస్తారా? వేసినవాళ్లు వేసినట్టు చెప్పాలా వద్దా? నేను డాక్టరు ముందు మా ఇంట్లో అలాంటివి లేవని గుండెల మీద చెయ్యేసుకుని చెప్తుంటే, మీరు గోడ పట్టుకుని వింటున్నారా? నా పరువు సంగతి సరే, వాడి ప్రాణం సంగతేంటి?"

ఆవిడ కుక్కిన పేనులా కూర్చుంది.  తిరిగి ఒక మాట అనకపోతే నాకు ఇంకా మండుతుంది. గోడకి చెప్పినట్టుంటుంది.

"ఇప్పటికైనా మీ మాత్రలు వేసుకోండి. మీరు పడిపోతే మిమ్మల్ని ఎవరు మోస్తారు ఇక్కడ" అంటూ సంచీ లాక్కున్నాను. తిట్టేటప్పుడు కూడా నా చేతులు పని ఆపవు. సాయంత్రం వేసుకోవాల్సిన బీపీ మాత్ర రేకు తీసి, వెనకనుంచి బొటనవేలితో నొక్కి, మాత్ర ఆవిడ అరచేతిలో వేశాను. నీళ్ల సీసా మూత తిప్పి ఇచ్చాను. ఆస్పత్రికి వచ్చినప్పటినుంచి రోజూ చేస్తున్న పనే. ఇంటి దగ్గరైతే చెల్లి పొద్దున్నే అన్ని మాత్రలూ రేకుల్లోంచి తీసి చిన్న గిన్నెలో వేసి పెడుతుంది. ఎందుకంటే ఈవిడ వేళ్లకి రేకు చిరగదు. అర ముక్క చెయ్యడం సరేసరి.

సీసా మూత నా చేతిలోనే ఉండిపోయింది.

"ఆ అర ముక్క ఎలా చేశారు?" అన్నాను.

ఆవిడ నీళ్లు తాగుతూ ఆగింది.

"రేకు ఎవరు చించారు? మీ వల్ల అవుతుందా? ఏదీ, ఇంకోటి చించి చూపించండి."

ఆవిడ నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, వంకర వేళ్లు కొంగు కింద దాచుకుంది. నా గొంతు అదంతట అదే తగ్గింది.

"మీరివ్వలేదు కదా" అన్నాను.

"పిల్లాడికి మందు పడిందని డాక్టరుకి తెలిస్తే చాలనుకున్నా పెద్దమ్మాయ్. ఏ మందైతే ఏంటిలే, ఎవరిస్తే ఏంటిలే అనుకున్నా. మందుల్లో ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు."

"ఎవరిచ్చారు?"

ఆవిడ వార్డు తలుపు వైపు చూసింది. ఆ తలుపు వెనక పిడుగు కాక మా వాళ్లు ఒక్కరే ఉన్నారు.

"అదా? అయితే నాకెందుకు చెప్పలేదు? మీకు చెప్పి నాకు చెప్పదా?" అన్నాను. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. ఈవిడ అత్త, నేను అక్కని.

"నాకు తిట్లు అలవాటే. మా అత్త దగ్గర తిన్నా, మా ఆయన దగ్గర తిన్నా, ఇప్పుడు నీ దగ్గర తింటున్నా. ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తా. మీ చెల్లికి అలా రాదమ్మా. నువ్వు అరుస్తావని ఆ పిల్ల వణికి చస్తోంది."

"నేను దానికి తల్లి లాంటిదాన్ని."

"అందుకే" అంది ఆవిడ.

  లేచి వార్డు తలుపు తోసుకుని వెళ్లాను. నర్సు అడ్డొచ్చి, "కార్డేదీ" అంది. "మా చెల్లి మెడలో ఉంది, అక్కడికే వెళ్తున్నా" అని దాటుకుని పోయాను.

పిడుగు నిద్రలో మూలుగుతున్నాడు. ముక్కుపుటాలు ఎగరేస్తూ గాలి లాక్కుంటున్నాడు. నుదురు ముట్టుకోకుండానే సెగ తెలుస్తోంది. చెల్లి వాడి అరికాళ్లకి తడిగుడ్డ పెడుతూ నన్ను చూసింది. చూడగానే దానికి అర్థమైపోయింది. మంచానికి అవతలి వైపుకి జరిగింది. నేను కొడతానా ఏంటి? చిన్నప్పుడు కూడా ఒక్క దెబ్బ వెయ్యలేదు దాన్ని. నోటితోనే సరిపోయేది.

"ఏం మందే అది?" అన్నాను. మెల్లగా అన్నాననే అనుకున్నాను. పక్క మంచం పిల్ల కళ్లు తెరిచింది.

చెల్లి గుటకలు మింగింది. నేను ఆగాను. ఆగడం నాకు ఎంత కష్టమో ఆ దేవుడికి తెలియాలి.

"పాపకి చెవిపోటు వచ్చినప్పుడు ఇచ్చిన సిరప్" అంది చివరికి. "సగం మిగిలింది. వీడికి దగ్గూ జ్వరమూ వచ్చినప్పుడు మా సూపర్ మార్కెట్లో బిల్లింగుకి మనుషులు లేరు. సెలవు అడిగితే ఇంక రావద్దంటారేమోనని భయమేసింది. అందుకని అదే పట్టా. జ్వరం తగ్గింది. బాగానే ఉన్నాడనుకున్నా. సీసా అడుగుకొచ్చింది. ఆపేస్తే మళ్లీ వస్తుందేమోనని, కాచి చల్లార్చిన నీళ్లు పోసి కలిపి ఇంకొన్నాళ్లు పట్టా."

"నీళ్లు పోశావా?"

"షాంపూ అయిపోతే పోస్తాం కదా, అలా."

నా నోట్లోకి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. పళ్లు బిగపట్టి మంచం చువ్వ పట్టుకున్నాను. సీసాలో బుడగలు లేచాయి.

"మరి ఇన్ని రోజులూ దాచావేంటే? రేపు పొద్దున వీడి ఛాతీ కోస్తామంటున్నారు. అప్పుడు కూడా నోరు విప్పవా? డాక్టరు అన్నిసార్లు అడుగుతుంటే..."

"డాక్టరుగారు నన్నడిగారక్కా" అంది చెల్లి. "నువ్వు చెప్పేశావు."

అది గొంతు పెంచలేదు. తడిగుడ్డ పిండుతూ మామూలుగా అంది.

"మొదటిరోజే చెప్పేద్దామనుకున్నా. మాట కూడదీసుకుంటున్నా. ఈలోపు నువ్వు 'మా చెల్లి అలాంటిది కాదు' అన్నావు. ఆ తర్వాత ఎలా చెప్పనక్కా? నేను అలాంటిదాన్నేనండీ, మా అక్కకి తెలీదు అని నీ ముందే ఎలా చెప్పను? ఇవాళ మళ్లీ చెప్దామని తాడు గట్టిగా పట్టుకున్నా. మళ్లీ నువ్వే చెప్పావు. ఆ తర్వాత అత్తయ్య చెప్పింది. అందరూ చెప్పారు."

 ఏదో ఒకటి అనాలి కదా. "నేను నీ మంచికే" అని మొదలెట్టాను. అంతలో పిడుగు దగ్గాడు. దగ్గుతూ, గొట్టం ఉన్న చోట చెయ్యి పెట్టుకుని ముఖమంతా ముడుచుకున్నాడు. ఏడవడానికి కూడా వాడికి గాలి చాల్లేదు. నా మంచి, నా మాట, నా పరువు అన్నీ అక్కడే ఆగిపోయాయి.

"పద" అన్నాను. "ఆవిడ ఇంటికి వెళ్లిపోకముందే చెప్పాలి. నువ్వే చెప్పు. నేను మాట్లాడను."

"నువ్వా?" అంది చెల్లి. దానికి అంత భయంలోనూ నమ్మకం కుదరలేదు.

వాడి దగ్గర ఉండమని నర్సుని బతిమాలి, ఇద్దరం నర్సుల బల్ల దగ్గరికి వెళ్లాం. డాక్టరమ్మ నిలబడే ఏదో రాసుకుంటోంది. బ్యాగు భుజానికి తగిలించేసుకుంది. మమ్మల్ని చూసి అలవాటుగా నా వైపే తిరిగింది. ఆవిడకి కూడా అలవాటు చేసేశాను చూడండి. నేను గోడ మీద చేప వైపు చూశాను, కన్ను లేని చేప వైపు.

చెల్లి కార్డు తాడు పట్టుకుంది. మొదలెట్టడానికి అది తీసుకున్న సమయంలో నేనైతే ఒక చొక్కా చేతులు రెండూ కుట్టేసేదాన్ని. ఎవరో నర్సు వచ్చి ఇంజెక్షన్ల ట్రే తీసుకెళ్లింది. ఫోను మోగి ఆగింది. చెప్పవే, చెప్పెయ్యవే అని లోపల అరుస్తూనే ఉన్నాను, పైకి మాత్రం పెదవి కదల్చలేదు. డాక్టరమ్మ కూడా తొందరపెట్టలేదు. నిదానం అని ఎగతాళిగా పేరు పెట్టిన నాకు, ఆ క్షణంలో ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

చెల్లి చెప్పింది. మొత్తం చెప్పింది, నీళ్లు పోసిన సంగతితో సహా. చెప్పి, దెబ్బ పడుతుందన్నట్టు భుజాలు ముడుచుకుంది.

డాక్టరమ్మ తిట్టలేదు. బ్యాగు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ సీసా ఇంకా ఉందా?"

"ఫ్రిజ్ తలుపులో, సాస్ సీసా వెనక. బయటికి కనబడదు" అంది చెల్లి.

మా ఆయనకి ఫోను చేశాను. ఆయనకి ఇంట్లో ఏ వస్తువూ దొరకదు, ఫ్రిజ్ ఎక్కడుందో చెప్పాల్సిన మనిషి. పాప వెతికి తీసి ఇచ్చిందట. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు చదివాడు. డాక్టరమ్మ విని తలూపింది.

"మేమిస్తున్నది కూడా ఆ కోవకి చెందిన మందే" అంది. "పలచన మందు కొన్నాళ్లు పడింది కదా. బలహీనమైన క్రిములు పోయి, మొండివి మిగిలి ఉంటాయి. మందు మారుస్తాను. మొదట తీసిన చీము ల్యాబులో దాచి ఉంటుంది. చచ్చిన క్రిమి ఆనవాలు కూడా పట్టే పరీక్ష ఒకటుంది, దానికి ఇప్పుడే పంపిస్తాను. గొట్టంలోంచి చీము గడ్డలు కరిగే మందు కూడా వేద్దాం."

"మరి థియేటరు?" ఆ మాట మాత్రం నా నోట్లోంచి జారిపోయింది. నాలుక కరుచుకున్నాను.

"ల్యాబు ఎందుకు ఖాళీగా వచ్చిందో ఇప్పుడు తెలిసింది కాబట్టి రేపటికి ఆపుతాను. తగ్గుతుందని మాటివ్వలేను" అని, చెల్లి వైపు తిరిగింది. "ఇది రోజూ ఎవరో ఒకరు చేస్తారమ్మా. వచ్చి చెప్పేవాళ్లు తక్కువ."

చెల్లి అప్పుడు ఏడ్చింది. నేను చెయ్యి చాపాను. కానీ వార్డు తలుపు సందులోంచి అత్తగారు తొంగిచూస్తోంది, అది నేరుగా వెళ్లి ఆవిడ భుజం మీద తల పెట్టింది. ఆవిడ ఆ వంకర వేళ్లతోనే దాని వీపు నిమిరింది. చాపిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక నేను కూలరు కింద గిన్నె పారబోయడానికి వెళ్లాను. అందులో నీళ్లు పెద్దగా లేవు.

కొత్త మందు ఎక్కించాక కూడా వెంటనే ఏమీ కాలేదు. జ్వరం తన పాటికి తను ఎక్కింది. గొట్టంలోంచి చిక్కగా, తెరలు తెరలుగా చీము దిగడం మొదలైంది. నాకు అది చూడటానికి భయం, చూడకపోతే ఇంకా భయం. కాలు ఆడించకుండా ఉండటానికి చెప్పులు విప్పి పాదాలు చల్లటి నేలకి ఆనించి కూర్చున్నాను. అత్తగారు పక్కనే కూర్చుంది. ఆవిడ మాత్రలు రేకులోంచి తీసి ఇచ్చాను, ఈసారి తిట్టకుండా. "ఒంట్లో బాలేదా" అని అడిగింది ఆవిడ.

ఆ పరీక్ష ఫలితం వచ్చింది. క్షయ కాదట. పిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే మామూలు క్రిమేనట, చచ్చినవాటి ఆనవాళ్లు చీములో దొరికాయట. ఆ మాట వినగానే నేనే వెళ్లి గోడకి ఆనుకున్నాను. ఛాతీ తెరవక్కర్లేదంది డాక్టరమ్మ. ఆ తర్వాత జ్వరం ఎక్కడం తగ్గింది, ఎక్కినా ఎక్కువసేపు నిలవలేదు. ఒక పొద్దున పిడుగు నీరసంగా కళ్లు తెరిచి, "టేపేదీ" అన్నాడు. నా మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది, ఆస్పత్రిలో కూడా తియ్యలేదని అప్పుడే చూసుకున్నాను. వాడి చేతిలో పెట్టాను. దాంతో సీసా గొట్టం కొలిచాడు.

గొట్టం ఇంకా తియ్యలేదు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోవడానికి చాలా కాలం పడుతుందని అన్నారు. ఆ రోజు డాక్టరమ్మ వచ్చేసరికి నేను మంచానికి ఒక వైపు, చెల్లి ఒక వైపు ఉన్నాం. కార్డు ఒకటే, మనుషులం ఇద్దరం, నర్సు చూసీ చూడనట్టు పోయింది.

"రాత్రి ఎలా ఉన్నాడు?" అంది డాక్టరమ్మ.

చెల్లి నా వైపు చూసింది. చూడటం అలవాటు దానికి. జవాబు నా దగ్గర తయారుగా ఉంది. నేను తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, ఎప్పుడు దగ్గాడో, ఎప్పుడు అటు తిరిగాడో అన్నీ తెలుసు. ఆ జవాబు నాలుక చివర కూర్చుని గెంతుతోంది. నేను వంగి మంచం కింద సీసా వైపు చూశాను. ఒక పాదం మీద ఇంకో పాదం వేసి నొక్కి పట్టాను.

చెల్లి గుటకలు మింగింది.

"దగ్గు తగ్గిందండీ" అంది. "నీళ్లు అడిగి తాగాడు. మధ్యలో మాత్రం నాకు తెలీదు. నేను కాసేపు నిద్రపోయాను."

నిద్రపోయావా? ఇలాంటి పిల్లాణ్ణి పెట్టుకుని నిద్రపోయావా? ఆ మాట పళ్ల దాకా వచ్చింది. మింగాను. అది మళ్లీ పైకొచ్చింది, మళ్లీ మింగాను.

"మంచిది, మీకూ నిద్ర కావాలి" అంది డాక్టరమ్మ, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటూ.

పిడుగు దుప్పట్లోంచి తల బయటికి పెట్టి నన్ను తేరిపార చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెల్లి కొంగు లాగాడు.

"అమ్మా, పెద్దమ్మకి కూడా జ్వరమొచ్చిందా? ఏం మాట్లాడట్లేదు."

చెల్లి వాడి నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"లేదురా" అంది. "వింటోంది."